పైరగాలి గిట్టని మనిషి

మా వీధివాసులకూ, మా దగ్గర కుర్చీలూ షామియానాలూ అద్దెకు తీసుకునే ఖాతాదారులకూ, మా పెరటిగోడ మీద సంసారం చేస్తున్న పిల్లులకూ మిక్కిలి గంభీరంగా ప్రకటించడమైనది: నేటినుంచి టీ మీద కట్టిన మీగడను ఎవరైనా వేలితో తీసి పారేయవచ్చును. అది ఎంతసేపట్లో కట్టిందో ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. బట్టలు ఉతికిన బకెట్టులోని నురగను ఏ తనిఖీ లేకుండా తూములో పారబోయవచ్చును. వాన వెలిశాక స్కూటర్ సీటు మీది నీటిబొట్లను చేత్తో తుడిచేయవచ్చును. "ఉండు, ఉండు, తుడవకు" అని పైనుంచి కేక రాదు. మేడమీద పళ్ళాల్లో నీళ్ళు ఇక ఉండవు గనుక కాకులు తమ దాహం సంగతి తామే చూసుకోవలెను. కారణం ఏమనగా, మా పై వాటాలో అద్దెకుండే సైంటిస్టు గారు మొన్న మంగళవారం తెల్లవారేసరికి చనిపోయారు.

కబురు వచ్చేసరికి నేను పటమటలో ఒక గృహప్రవేశానికి షామియానా కడుతూ నిచ్చెన మీదున్నాను. ఫోన్లో ఆయన భార్య. ఆవిడని మేమంతా అమ్మగారు అంటాం. "బాబూ, మీ సార్ ఇవాళ లేవలేదు" అన్నారు. నాకు వెంటనే ఎక్కలేదు. ఆయన లేవకపోవడమన్నది మా ఇంట్లో ఎప్పుడూ జరిగిన పని కాదు. మాకు మెలకువ వచ్చేసరికే నెత్తిమీద ఆయన చెప్పుల చప్పుడు ఈ గోడనుంచి ఆ గోడకీ, ఆ గోడనుంచి ఈ గోడకీ తిరుగుతూ ఉండేది. మా ఆవిడ ఆ చప్పుడు వింటూ పొయ్యి మీద పాలు పెట్టి, అది ఎన్నోసారి తిరిగితే దించాలో లెక్క పెట్టుకుంది. ఈ వారం రోజులూ మా ఇంట్లో పాలు పొంగిపోతున్నాయి.

ముందు నా అర్హతలు చెప్పుకోవాలి. ఇంటర్ రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ కెమిస్ట్రీలోనే. అలాంటివాడు ఒక రసాయన శాస్త్రవేత్త గురించి రాయడమంటే నీచు ముట్టనివాడు చేపల పులుసులో ఉప్పు చూసినట్టే. కానీ సంతాప సభలో పెద్దలు ఒకరి తర్వాత ఒకరు లేచి "ఉపరితల రసాయన శాస్త్రంలో విశేషమైన కృషి చేశారు" అన్నారు తప్ప, ఆ కృషి ఏమిటో ఒక్కరూ చెప్పలేదు. నా పక్కన కూర్చున్నాయన వడ దినపత్రికలో చుట్టి జేబులో పెట్టుకుంటూ "ఉపరితలం అంటే ఏంటండీ?" అని నన్నడిగాడు. నన్ను! ఇక రాయక తప్పింది కాదు.

నేనూ అదే ప్రశ్న ఆయన్ని అడిగాను, సామాన్లు దింపిన రోజునే.

"సార్, తమరు దేనిమీద రీసెర్చి చేశారండీ?"

"పైమీద."

"దేని పైమీదండీ?"

"దేనిదైనా. నీళ్ళ పైన, రాయి పైన, ఆకు పైన. రెండు వస్తువులు ఒకదాన్నొకటి తాకేచోట ఎప్పుడూ ఏదో ఒక గొడవ జరుగుతూ ఉంటుంది. దాని మీద."

"అయితే మాకూ పక్కింటివాళ్ళకీ మధ్య గోడ సంగతి కూడా మీరే తేల్చాలండీ" అన్నాను. మా వీధిలో ఎవరితోనన్నా ఈ మాటంటే కడుపు పట్టుకునేవారు. ఆయన సామాన్లు అక్కడే వదిలేసి గోడ దగ్గరికి వెళ్ళి, అరచెయ్యి ఆనించి, వంగి వాసన చూసి వచ్చారు. "పాత సున్నం మీద ప్లాస్టిక్ పెయింటు వేయించావు. లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసేశావు. అందుకే మీ వైపు పెచ్చులూడుతోంది. పక్కవాళ్ళ తప్పేం లేదు." ఆ గోడ గొడవతో మేం వాళ్ళతో మాట్లాడటం మానేసి అప్పటికి చాలాకాలమైంది.

"లోపల ఏముందో తర్వాత చూద్దువుగాని, ముందు పైన ఏం జరుగుతోందో చూడు" అనేవారు. మనకి బళ్ళో దీన్ని తిరగేసి నేర్పుతారు కదా, పైపైన చూసి మోసపోకురా అని. ఈయన బతుకంతా ఆ పైపైనే గడిపారు.

వచ్చిన కొత్తలో మేడమీద రెండు పెద్ద పళ్ళాలు పెట్టి నీళ్ళు పోశారు. ఒకదాంట్లో ఏదో తెల్లటి పొడి చల్లారు, రెండోదాన్ని ఉత్తగా వదిలేశారు. రోజూ స్కేలు పెట్టి దేంట్లో ఎంత ఆవిరైందో చూసుకునేవారు. నాకు చెయ్యి ఊరుకోదు. ఆయన కిందికి దిగగానే ఉత్త పళ్ళెంలో ఒక చెంబుడు నీళ్ళు వంపేవాణ్ణి. ఎండాకాలంలో, విజయవాడలో, రోజురోజుకీ నీళ్ళు పెరిగే పళ్ళెం! ఆయన ఎప్పుడు కేకేస్తారా అని మెట్ల కింద నిలబడి ఎదురుచూసేవాణ్ణి. కేక రాలేదు. ఒకరోజు ఆయనే దిగివచ్చి నా చేతిలో ఒక క్యాను పెట్టారు.

"నువ్వు పోసేవి కొళాయి నీళ్ళు. నేను పెట్టినవి డిస్టిల్డ్ వాటర్. పోయదలుచుకుంటే ఇవి పొయ్యి."

"నేనేనని ఎలా తెలిసిందండీ?"

"కొళాయి నీళ్ళు ఆరితే పళ్ళెం అంచున తెల్లచార కడుతుంది. పైగా ఈ ఇంట్లో ఇంత పనిలేనివాడు ఇంకొకడు లేడు."

అప్పట్నుంచి నేను ఆయనకి మనిషినైపోయాను. తిట్టడానికి, మొయ్యడానికి, బండి నడపడానికి.

ఆయన మనసంతా ఆ తెల్లపొడి చుట్టూనే తిరిగేది. కాలువ చివర పల్లెలో బడిపంతులు గారి అబ్బాయి. విజయవాడలో కాలేజీ చదువు, ఆ తర్వాత ఎక్కడో పడమటివైపు ప్రభుత్వ పరిశోధనశాలలో ఉద్యోగం. మొదట్లో గనుల్లో తీసిన రాతిపొడిలోంచి లోహాన్ని నీటిబుడగలకి అంటించి పైకి తేల్చే పని చేయించారట. తర్వాత కరువు వచ్చింది. జలాశయాల్లో నీళ్ళు ఎండకి ఆవిరైపోకుండా ఏదన్నా చెయ్యమని ఈయన బృందాన్ని అడిగారు. మైనం లాంటి ఆ పొడిని నీళ్ళ మీద వేస్తే అదే పాకి, ఒక్క అణువు మందాన పొర కడుతుంది. ఆ పొర ఉన్నంతసేపూ నీళ్ళు తేలిగ్గా ఆవిరి కావు.

"ఒక్క అణువు మందమంటే ఎంతుంటుందండీ?" అని అడిగాను.

"నీ మాటల్లో నిజం ఎంతుంటుందో అంత."

గదిలో, తొట్టెలో, ఆ పొర బ్రహ్మాండంగా పనిచేసింది. పెద్దవాళ్ళందర్నీ పిలిచి జలాశయం మీద వేశారు. మధ్యాహ్నానికి గాలి లేచింది. పొరనంతా చాప చుట్టినట్టు చుట్టి అవతలి గట్టుకి తోసేసింది. రాళ్ళ మీద మీగడలా పేరుకుపోయిన తన పొడిని ఆయన చేత్తో తీసి చూసుకున్నారట. వచ్చినవాళ్ళు కార్లెక్కి వెళ్ళిపోయారు. గాలిని ఎలా ఆపాలో నాకో ఆలోచన ఉంది, ఇంకొక్క వేసవి ఇవ్వండి అని ఈయన అడిగారు. ఇవ్వలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా సబ్బుల నురగ మీద పనిచేశారు. అందులోనూ పేరొచ్చింది, ప్రమోషన్లొచ్చాయి, ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు పెద్దవాళ్ళయ్యారు. సభలో మాట్లాడినవాళ్ళలో సగంమంది వాళ్ళే. కానీ ఆయన ఆ నురగ గురించి నాతో ఒక్కసారే మాట్లాడారు. "నురగ బాగా వస్తే మురికి పోయిందనుకుంటారు జనం. నురగకీ మురికికీ పెద్ద సంబంధం లేదు. అయినా మేం నురగ పెంచుతూ పోయాం."

గాలి గురించి మాత్రం రోజూ మాట్లాడేవారు. "నన్ను గాలి ఓడించలేదయ్యా. దానితో రెండో ఆట ఆడనివ్వలేదు, అంతే."

ఇక్కడ మే నెల ఎలా ఉంటుందో మీకు తెలుసు. కొండ పగలంతా కాలి కాలి, పొద్దుగూకేవేళ ఊరి మీదికి వేడి ఊదుతుంది. అలాంటప్పుడు సముద్రం వైపునుంచి పైరగాలి తిరిగితే ఊళ్ళో ప్రతి ప్రాణీ మేడెక్కి "అబ్బ" అంటుంది. ఆయన ఒక్కరే ఆ గాలి తగలగానే మొహం ముడుచుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకునేవారు. చూసి చూసి అమ్మగారు ఒకరోజు నన్ను మెట్ల దగ్గర ఆపారు.

"బాబూ, ఈయన్ని ఎక్కడికైనా తీసుకెళ్ళు. ఇంట్లో ఒక్క గిన్నెలో నీళ్ళు ఉండనివ్వడం లేదు. పప్పు నానబోస్తే అందులో కూడా వేలు పెట్టి చూస్తున్నారు."

"డాక్టరు ఎండలో తిరగొద్దన్నాడు కదండీ?"

డాక్టరు నిజంగానే గట్టిగా చెప్పాడు, గుండె సగమే పనిచేస్తోందని. "మిగతా సగం ఎండలో పనిచేస్తుందేమో చూద్దాం" అని వచ్చేశారట ఈయన. అమ్మగారు పైట చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ అన్నారు: "ఇంట్లో ఉంచితే ఇంట్లో పోతారు. బయటికి తీసుకెళ్తే బయట పోతారు. నువ్వు గొడుగు పట్టుకో. అది చాలు."

మా మేనత్తది చల్లపల్లి దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఒక చిన్న ఊరు. పంచాయతీలో వార్డు మెంబరు. ఆ వైపు ఊళ్ళన్నింటికీ ఒకటే బాధ. వేసవిలో కాలువలకి నీళ్ళు కట్టేస్తారు. కట్టేముందు చెరువు నింపుకుంటారు. మళ్ళీ కాలువలు వదిలేదాకా ఆ నీళ్ళే సరిపెట్టుకోవాలి. సగం మనుషులు వాడితే సగం ఎండ తాగుతుంది. అడుగంటితే ట్యాంకరు కోసం బిందెలతో రోడ్డెక్కాలి.

పోయిన వేసవి మొదట్లో నా ట్రాలీ ఆటోలో ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. కూర్చోబెట్టుకుని అన్నది మర్యాదకి. ఉయ్యూరు చేరేలోపే ఆయన నన్ను అడుగడుక్కీ ఆపించారు. కాలువలో బాతులు కనిపిస్తే దిగి, వాటి వీపు మీద నీళ్ళెలా జారుతున్నాయో చూడాలి. అరటితోట కనిపిస్తే ఆకు మీద మంచు చూడాలి. "సార్, ఇలా అయితే మనం చేరేసరికి కాలువలు వదిలేస్తారండీ" అంటే మోకాలు ఊపుతూ "పోనీ, పోనీ, త్వరగా పోనీ" అని, నేను గేరు మార్చేలోపే "ఆపు" అనేవారు.

అత్త మమ్మల్ని పంచాయతీ అరుగు మీద కూర్చోబెట్టి, నలుగురినీ పిలిచి, అందరి ముందూ మొదలుపెట్టింది.

"ఒరేయ్, పెళ్ళిళ్ళకి పందిళ్ళు వేసుకునే వెధవ్వి, మా చెరువుకి పందిరేస్తానంటావేంట్రా?"

"నేను కాదత్తా. సార్ వేస్తారు. కనపడని పందిరి."

"కనపడని పందిరికి కూడా అద్దె గుంజుదామని వచ్చావా? చూడండి సార్, మీరు పెద్దవారు, చదువుకున్నవారు. వీడితో తిరుగుతున్నారంటేనే నాకు అనుమానంగా ఉంది. ఆ నీళ్ళు పాడైతే ఈ ఊళ్ళో నేను తలెత్తుకు తిరగలేను."

ఆయన గ్లాసెడు నీళ్ళు అడిగారు, చిటికెడు పొడి వేసి, అందరూ చూస్తుండగా తాగేశారు. "ఆడపిల్లలు మొహానికి రాసుకునే క్రీముల్లో ఉండేదే ఇది" అన్నారు మూతి తుడుచుకుంటూ. ఆ మాటకి కాదు, తాగిన తీరుకి అత్త ఒప్పుకుంది. నీళ్ళ ఇంజినీరు కూడా వచ్చి, సీసాలో పట్టుకెళ్ళి పరీక్ష చేయించి, సరేనన్నాడు.

గాలిని ఆపే ఆ పాత ఆలోచన అప్పుడు బయటపెట్టారు. వెదురు బొంగులు కట్టి చెరువంతా గళ్ళు గళ్ళుగా తేల్చాలి. "పెద్ద మైదానం దొరికితే గాలి పరిగెత్తి పొరని ఈడ్చుకుపోతుంది. చిన్నచిన్న గదులు కడితే ఎక్కడికని ఈడుస్తుంది? ఏ గదిలో పొర ఆ గదిలో ఉంటుంది." నేనూ ఊరుకోక, చెరువు చుట్టూ షామియానా గోడ కడదామన్నాను. "నీ షామియానా లేచిపోయి బందరులో దిగుతుంది" అన్నారు. పెళ్ళిళ్ళ సీజన్లో నా బొంగులన్నీ తెచ్చి నీళ్ళలో వేశాను. విజయవాడ నుంచి ఒక పెళ్ళికూతురి తండ్రి ఫోన్ చేసి, "పందిరి సామాను ఏదయ్యా, ఇంకా రాలేదేం?" అని గోల.

"చెరువులో ఉందండీ."

"అక్కడెందుకుందయ్యా?"

"స్నానానికండీ" అని పెట్టేసి, నా తోటి వ్యాపారిని బతిమాలి ఆయన పందిరి పంపించాను.

ఇక్కడ వచ్చింది అసలు చిక్కు. ఆ పొర కంటికి కనపడదు. ఉందో, చిరిగిందో తెలియాలంటే నీళ్ళ మీద ఏదన్నా సన్నటి పొడి చల్లి చూడాలి. పొర ఉంటే పొడి పడ్డచోటే ఆగిపోతుంది. లేకపోతే చెదిరి గాలివాటున పరిగెడుతుంది. ల్యాబులో దానికేదో పొడి ఉండేదట. ఇక్కడ అత్త వంటింట్లో పసుపు పుచ్చుకున్నారు. రోజూ తెల్లవారకముందే రేవు మెట్ల మీద నిలబడి, వంగి, నీళ్ళ మీద పసుపు చల్లి, కళ్ళార్పకుండా చూస్తూ, పెదవులు కదిలిస్తూ అంకెలు లెక్కపెట్టుకునేవారు.

బిందెలతో వచ్చిన ఆడవాళ్ళు అది చూశారు. ఎవరు మాత్రం ఏమనుకుంటారు? అంత పెద్దాయన, విజయవాడ నుంచి వచ్చి, పొద్దున్నే గంగమ్మకి పసుపిచ్చి మంత్రం చదువుకుంటున్నాడు! మర్నాడు వాళ్ళూ పసుపు కుంకుమలు తెచ్చారు. ఆ మర్నాడు ఆకుదొప్పల్లో నూనె పోసి దీపాలు వెలిగించి నీళ్ళలో వదిలారు. చూడ్డానికి ఎంత బాగుందో చెప్పలేను. సగం దొప్పలు బొంగులకి తట్టుకుని ఒరిగిపోయాయి. నూనె ఇంద్రధనుస్సులా పాకింది. ఆయన రేవు మెట్టు మీద కూలబడిపోయారు.

"వద్దని చెప్పండి సార్."

"దండం పెట్టుకునేవాళ్ళని ఎలా వద్దంటామయ్యా?"

ఆయనకి చేతకాని పని నాకు చిటికెలో పని. ట్రాలీ ఆటోకి మైకు కట్టి ఊరంతా తిరిగాను. "గ్రామ ప్రజలకు విజ్ఞప్తి! గంగమ్మ తల్లి విజయవాడ పెద్దాయనకి కల్లో కనిపించి, ఈ ఏడు తనకి నూనె పడటం లేదని, పొడి పసుపు మాత్రమే ఇవ్వమని సెలవిచ్చింది!" మర్నాడు చెరువులో ఒక్క దీపం లేదు. బదులుగా రేవు దగ్గర జనం నిలబడి ఉన్నారు, ఆయన కాళ్ళకి దండం పెట్టడానికి. ఒక ముసలావిడ తన మనవరాలి పెళ్ళి సంగతి కూడా గంగమ్మని అడిగిపెట్టమంది.

ఆయన నన్ను గట్టు వెనక్కి తీసుకెళ్ళారు. అంత కోపం నేను ఆయనలో అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

"ఎవరి కల్లోకి వచ్చిందయ్యా?"

"మీ కల్లోకండీ."

"నాకు నిద్రే పట్టదు! ఇవాళ నీ కల నమ్మి నూనె మానేశారు. రేపు ఇంకొకడు ఇంకో కల చెప్తే పాలు పోస్తారు. అప్పుడు నేను చూసేది పొరనా, వాడి కలనా? ముప్పై ఏళ్ళు ఆగి వచ్చానయ్యా నేను. ఇది కూడా ఉత్తుత్తిదే కావాలా?"

నేను గొడుగు పట్టబోతే తోసేసి, గబగబా రేవు దగ్గరికి వెళ్ళి, అత్తని రెండు పళ్ళాలూ నూనెగిన్నే అడిగారు. మెట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మొదట "నాకే కలా రాలేదమ్మా, వీడు అబద్ధం చెప్పాడు" అన్నారు. అందరూ నావైపు తిరిగారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు, అదే కొంచెం నొప్పి పెట్టింది.

ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి పసుపు చల్లారు. పుల్లని నూనెలో ముంచి మధ్యలో తాకించారు. పసుపంతా ఒక్క ఉదుటున అంచులకి పారిపోయింది. ఆడవాళ్ళు "అమ్మో!" అని వెనక్కి జరిగి, మళ్ళీ ముందుకి వంగారు.

"నూనె కూడా పాకి పొర కడుతుంది. కానీ అది ఎండని ఆపలేదు" అంటూ ఆ నూనె మీద ఇంకాస్త పసుపు చల్లారు. అది అక్కడే ఆగింది. "చూశారా? పసుపుని మాత్రం ఆపుతుంది. నా పొర చిరిగిపోయిన చోట మీ నూనె కూర్చుని, నేనే ఆ పొరని అని నాతో అంటుంది. నేను నమ్మేస్తాను."

"మావాడిలాంటిదన్నమాట" అంది అత్త.

రెండో పళ్ళెంలో తెల్లపొడి వేసి, పసుపు చల్లి, రేవు పక్కింటి కోడల్ని ఊదమన్నారు. ఆ పిల్ల బుగ్గలు పూరించి ఊదింది. పసుపు కదల్లేదు. ఇంకోసారి ఊదింది. కదల్లేదు. "నేనూ, నేనూ" అని అందరూ ఊదారు. "దీపం పెట్టద్దని నేననను తల్లీ. ఒడ్డున పెట్టుకోండి" అన్నారాయన. ఇంతే. మైకు పెట్టి నేను చెయ్యలేనిది రెండు పళ్ళాలతో అయిపోయింది.

ఆ పూటనుంచే పద్ధతి మారింది. ఒక గట్టున చూసి, రెండో గట్టుకి పోయి, గాలి మారేలోగా మూడో గట్టుకి చేరాలని ఆయన ఆ సగం గుండె వేసుకుని పరిగెత్తేవారు. వెనకాల నేనూ గొడుగూ. చూళ్ళేక అత్త అడ్డం నిలబడింది. "మీరు పరుగెత్తడం దేనికండీ? నాలుగు గట్ల మీదా నలుగురం నిలబడతాం. ఎటూ పసుపు చల్లుతున్నాం కదా. ఆగితే ఆగిందని అరుస్తాం, పరిగెడితే పరిగెట్టిందని అరుస్తాం. మీరు నీడన కూర్చుని వినండి."

ఆయన కూర్చోలేదనుకోండి. కానీ విన్నారు. పొద్దునా సాయంత్రం చెరువు నాలుగువైపులనుంచీ కేకలు. "ఆగింది!" "ఇక్కడ పరిగెట్టింది సార్!" "కొంచెం ఆగి, పోయింది!" ఏ వైపు పోతే ఆ వైపు డ్రమ్ములోంచి ఇంకాస్త పొడి వదలడం, వదులైన బొంగుల్ని బిగించడం. ఆ ఊరి మీదుగా వెళ్ళే బస్సు డ్రైవరు ఒకసారి ఆపి, ఇక్కడేమన్నా కబడ్డీ జరుగుతోందా అని అడిగాడు.

పొద్దుటి గాలి పెద్ద లెక్కలోది కాదు. అసలు పరీక్ష పైరగాలితో. అది దక్షిణంనుంచి వస్తుంది కాబట్టి ముందు ఖాళీ అయ్యేది దక్షిణం గట్టే. జలాశయం మీద ఆయన పొర చుట్టుకుపోయిందీ అలాగే. ఒక సాయంత్రం అది గట్టిగా తిరిగింది. అంతకుముందెప్పుడూ రానంత గట్టిగా. గడ్డివాముల మీది పరకలు లేచిపోయాయి, ఎవరిదో ఆరేసిన చీర వచ్చి బొంగుల మీద పడింది. నలుగురూ పసుపు చల్లారు. ఉత్తరంనుంచి "ఆగింది!" తూర్పునుంచి "ఆగింది!" పడమటినుంచి కొంచెం సేపటికి "ఆగింది సార్!" దక్షిణం గట్టు మీద మా అత్త. ఇంకా వంగి చూస్తోంది. ఆయన చెయ్యి నా మోచేతిని పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

"కదల్లేదు సార్!" అంది అత్త. "ముద్దలా అక్కడే ఉంది!"

ఆయన నవ్వారు. అన్నాళ్ళూ నేను ఎన్ని వేషాలు వేసినా పళ్ళు కనపడనివ్వని మనిషి, తల వెనక్కి వాల్చి, చిన్నపిల్లాడిలా, పొట్ట పట్టుకుని నవ్వారు. నా వీపు మీద ఒక్కటి చరిచారు కూడా.

ఆ వేసవి చెరువు కాలువలు వదిలేదాకా ఆగింది. ట్యాంకరు రాలేదు. ఊరంతా ఆయన వల్లేనంది. ఆయన మాత్రం "ఈ ఏడు మబ్బులెక్కువ, నా గొప్ప ఎంతో మబ్బు గొప్ప ఎంతో ఇంకో వేసవి చూస్తేగాని చెప్పలేను" అన్నారు. ఆ ఇంకో వేసవి కోసమే ఈ ఏడాదంతా బతికారనిపిస్తుంది. సంక్రాంతి తర్వాత మెట్లు దిగడం మానేశారు. నడక మాత్రం మానలేదు, గోడ పట్టుకుని. నేను పైకి వెళ్తే ముందు బయట గాలి ఎటునుంచి ఉందో చెప్పమనేవారు. నేను తెలియక ఏదో ఒకటి చెబితే కిటికీలోంచి ఎదురింటి మేడ మీది జెండా చూసి తిట్టేవారు. పెరట్లో బొంగులు ఏరి పెట్టించారు. కాలువలు ఎప్పుడు కడతారో రోజూ అడిగించారు. చెరువు నింపడం మొదలైందని నేను చెప్పింది సోమవారం సాయంత్రం.

అత్త నిన్న ఫోన్ చేసింది. "చెరువు నిండిందిరా. పొడి బస్తాలు మా సావిట్లోనే ఉన్నాయి. ఎప్పుడొస్తున్నావు?"

"నేనొచ్చి ఏం చెయ్యనత్తా? నాకేం తెలుసు?"

"నీకేమీ తెలియదని మాకు తెలుసులే. పసుపు చల్లడం మాకొచ్చు. ఆయన చెప్పినవన్నీ మాకు గుర్తున్నాయి. నువ్వు బొంగులు పట్రా."

బొంగులు ఎక్కించేశాను. అమ్మగారు కూడా వస్తానన్నారు. వీధిలోంచి హారన్ కొట్టినట్టుంది, మా ఆవిడ అయ్యుంటుంది. వెళ్ళేముందు ఒక సంగతి సరిచెయ్యాలి. ఆయన నవ్వారని రాశాను చూడండి, అది పూర్తిగా నా కల్పన. సభలో కూడా అదే చెప్పాను, అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మగారు ఒక్కరే నావైపు అదోలా చూశారు. ఆయన నవ్వలేదు. నా వీపు చరచలేదు. అత్త కేక వేసినప్పుడు ఆయన నీళ్ళ వైపు చూడటం లేదు. గట్టు మీది తాటిచెట్ల తలల వైపు చూస్తున్నారు. మట్టలు ఒకదాన్నొకటి బాదుకుంటున్నాయి, గొడుగు నా చేతిలో తిరగబడిపోయింది. సంబరంగా అరుస్తున్న ఆడవాళ్ళని ఆగమన్నట్టు ఒక చెయ్యి పైకెత్తి, పంచె రెపరెపలాడుతుంటే కాళ్ళు ఎడం పెట్టి నిలబడి, బతుకంతా గిట్టని ఆ గాలితోనే ఆయన మెల్లగా అంటున్నారు: "రా. ఇంకా గట్టిగా రా. ఇంకా."